వాననీటికి దారి

ఎండకు నెర్రెలు విచ్చిన పాలమూరు నేలకు తొలకరి చినుకు కంటె ప్రియమైన అతిథి మరొకరు లేరు. ఏడాది మొత్తంమీద సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టసీమలో ప్రతి చినుకూ విలువైనదే. అయితే చేనిలో ఇంకితే పంటగా మారే ఆ నీరే ఇంటి గోడ పక్కన నిలిస్తే పునాదికి చేటు తెస్తుంది. చెరువులో చేరితే ఊరిని బ్రతికించే నీరే పెరటి గుంటలో మురిగితే రోగాలకు పుట్టిల్లవుతుంది. దోషం నీటిది కాదు; దానికి దారి చూపని మనది. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. నీరు ఎరిగిన ఆ పల్లం ఎక్కడ ఉందో ఇల్లు కట్టుకొనేవాడు కూడ ఎరిగి ఉండాలి. ఇంటి చుట్టూ వాననీటిని సరిగా మళ్లించుకొనే విధానమే ఈ వ్యాసంలోని విషయం.

ఆలంపూర్ చెప్పే పాఠం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న భూభాగాన్ని జనం నడిగడ్డ అంటారు. ఆ నడిగడ్డలో, రెండు నదుల సంగమానికి చేరువగా, తుంగభద్ర ఎడమగట్టున వెలసిన పుణ్యక్షేత్రం ఆలంపూర్. 1956 వరకు రాయచూరు జిల్లాలోను, ఆ తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోను ఉన్న ఈ ఊరు 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలకు, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ ఆలయానికి ఇది నెలవు.

కృష్ణానదిపై శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు దాని వెనుకజలాలు ఈ ప్రాంతం దాకా వ్యాపించాయి. మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి ఆలయాలను రాయి రాయిగా విప్పి తెచ్చి వేరొకచోట తిరిగి నిలిపారు. ఆలంపూర్‌కు నదివైపున రక్షణకట్ట వెలసింది. అయినను 2009 అక్టోబరు తొలిదినాలలో వచ్చిన మహావరదకు కర్నూలు నగరంతోపాటు ఆలంపూర్ కూడ నీట మునిగింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకొనేట్లు రూపొందించిన శ్రీశైలం జలాశయానికి ఆనాడు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. అటువంటి వరదను ఏ గృహస్థుడూ ఆపలేడు. అది ప్రభుత్వాలు, ఇంజనీర్లు చూడవలసిన కార్యం.

కాని నదీతీరపు కట్ట మనకు మరొక చిన్న పాఠాన్ని చెబుతుంది. కట్ట బయటి నీటిని లోపలికి రానీయదు. మరి కట్టకు లోపల కురిసిన వాన సంగతి ఏమిటి? దానికి తూము లేకపోతే ఆ నీరు లోపలే నిలుస్తుంది. తూము ఉంటే, నది పొంగినప్పుడు అదే తూము గుండా నది లోపలికి వస్తుంది. కనుక తూముకు తలుపు కావాలి. తలుపు మూసిన వేళ లోపలి నీటిని తోడిపోసే ఏర్పాటు కావాలి. లోకంలోని ఏ వరదకట్టకైనా వర్తించే సూత్రం ఇది. సముద్రమట్టానికి దిగువన నివసించే నెదర్లాండ్స్ ప్రజలు గట్లు కట్టి ఊరుకోలేదు. గాలిమరలతో శతాబ్దాల పాటు లోపలి నీటిని తోడిపోస్తూ వచ్చారు.

ఈ సూత్రాన్ని మన ఇంటికి అన్వయించి చూద్దాం. వీధినీరు రాకుండా ఇంటి చుట్టూ ప్రహరీగోడ కట్టించుకొంటాం. కాని గోడకు అడుగున తూము వదలం. మొదటి పెద్దవానకే వాకిలి చెరువవుతుంది. బయటి నీటికి అడ్డుకట్ట వేసినవాడు లోపలి నీటికి దారి విడువకపోవడమే ఇందుకు కారణం.

శిల్పులు ఎరిగిన విద్య

నీటికి దారి చూపడం మనకు కొత్త విద్య కాదు. సుమారు 4,500 సంవత్సరాల క్రితమే మొహెంజొదారో నగరవాసులు వీధుల వెంట ఇటుకలతో కాలువలు కట్టి, పైన మూతలు పరచుకొన్నారు. మన ఆలయాలను కట్టిన శిల్పులు కూడ ఈ విద్యలో ఆరితేరినవారే. ఆలంపూర్‌లోని చాళుక్య ఆలయాలలో నడిమి భాగపు కప్పు ఎత్తుగాను, ప్రదక్షిణ మార్గంపై కప్పు బయటికి వాలుగాను ఉంటుంది. కప్పుపై పడిన నీరు నిలువదు. అదే కాలపు శైలిని చూపే అయిహోలు లాడ్‌ఖాన్ ఆలయంలో కప్పు పలకలు కలిసే సందులపై సన్నని రాతిబద్దలు కప్పి, నీరు లోపలికి దిగకుండ చేశారు. చూరు గోడను దాటి ముందుకు వచ్చి ఉంటుంది గనుక నీరు గోడను ఒరుసుకొంటూ జారక దూరంగా పడుతుంది. గోడకు అడుగున ఎత్తైన అధిష్ఠానం ఉంటుంది గనుక నేలపై పడిన నీరు వెనక్కి చిమ్మినా గోడను తాకదు.

గర్భగుడిలోని అభిషేకజలం బయటికి రావడానికి ఉత్తరపు గోడకు అమర్చిన రాతి దోనెను సోమసూత్రం అంటారు. శివాలయంలో ప్రదక్షిణ చేసేవారు దానిని దాటరు. నీరు వెలుపలికి వచ్చే చోటును అంత గౌరవంగా చూసిన జాతి మనది.

ఈ నిర్మాణాలలో నాలుగు నియమాలు కనిపిస్తాయి. మొదటిది, నీరు గోడకు దూరంగా పడాలి. రెండవది, పడిన నీరు గోడనుండి వెలుపలికి వాలి పోవాలి. మూడవది, పారే నీటికి కాలువ ఉండాలి. నాలుగవది, ఆ కాలువకు ఒక గమ్యం ఉండాలి. చెప్పడానికి చాల తేలికైన ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన మూడూ వ్యర్థమే.

పల్లెలోని మట్టిమిద్దెలు కూడ ఈ నియమాలనే పాటించాయి. దూలాలపై కట్టెలు పరచి, మన్ను వేసి, పైన చౌటిమన్ను పరిచేవారు. చౌటిమన్ను తడిస్తే మెత్తబడి, రేణువుల నడుమ ఉన్న సందులను మూసివేస్తుంది. అందువల్ల నీరు కిందికి దిగదు. ఏటేటా తొలకరికి ముందే మిద్దెపై చౌడు సరిచేసుకొనేవారు. మిద్దె అంచున దోనె పెట్టి నీటిని గోడకు దూరంగా దూకించేవారు. గోడను ఆనుకొని ఎత్తైన అరుగు ఉండేది. అది కూర్చోవడానికే కాక పునాదికి కవచంగా కూడ పనికివచ్చేది.

నల్లరేగడి స్వభావం

పునాది పక్కన నీరు నిలిస్తే ఏమవుతుందో తెలియాలంటే ముందు నేల స్వభావం తెలియాలి. నడిగడ్డలో చాలచోట్ల నల్లరేగడి ఉంది. ఈ మట్టిలోని బంకరేణువులు పొరలు పొరలుగా ఉండి, ఆ పొరల నడుమకు నీటిని పీల్చుకొంటాయి. అందుచేత తడిసిన రేగడి ఉబ్బుతుంది. ఎండిన రేగడి కుంచించుకొని నెర్రెలు విడుస్తుంది. ఇంటి చుట్టూ నేల అంతా ఒకే విధంగా తడిసి, ఒకే విధంగా ఎండితే ప్రమాదం తక్కువ. కాని మిద్దెగొట్టం కింద ఒక మూల మాత్రమే నానుతుంది. తక్కిన మూలలు పొడిగా ఉంటాయి. నానిన మూల పైకి లేస్తుంది. పొడి మూల ఉన్నచోటనే ఉంటుంది. ఈ లాగుడులో గోడ ఏటవాలుగా బీటలు వారుతుంది. తలుపులు బిగుసుకుపోతాయి. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న ఇల్లు కొన్ని వానకాలాలకే ముసలిదైపోతుంది.

చెమ్మ మరొక విధంగా కూడ హాని చేస్తుంది. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకొన్నట్లే ఇటుక, మట్టి, సున్నం నేలలోని నీటిని పైకి పీల్చుకొంటాయి. ఆ నీటితోపాటు లవణాలు కూడ గోడలోకి ఎక్కుతాయి. నీరు ఆవిరికాగా మిగిలిన ఉప్పు తెల్లని పొడిలా పైకి తేలుతుంది, పూత పెచ్చులూడుతుంది. అటువంటి గోడకు ఎన్నిసార్లు రంగు వేయించినా ప్రయోజనం లేదు. గోడకు కాదు, నేలకు చికిత్స చేయాలి.

మట్టిగోడల సంగతి ఇంకా తీవ్రమైనది. వానకాలంలో నానిన పాతగోడలు కూలి మనుషులు మరణించిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గోడ అడుగున మట్టి కరిగి పల్లమైనా, గోడ మధ్యలో ఉబ్బినా, కొత్త బీట కనిపించి వెడల్పవుతున్నా ఆ గోడ పక్కన నిద్రించకూడదు. వాన వెలిసేవరకు వేరొకచోట తలదాచుకోవడమే వివేకం.

లోపాన్ని గుర్తించే విధం

వైద్యుడు ముందు నాడి చూచి తరువాత మందు ఇస్తాడు. ఇంటి విషయంలో నాడి చూడవలసిన సమయం వాన కురిసే వేళయే. గొడుగు పట్టుకొని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. కప్పునీరు ఎక్కడ పడుతున్నది? ఎటు పారుతున్నది? ఎక్కడ నిలుస్తున్నది? వాన వెలిసిన ఎంతసేపటికి ఇంకుతున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానాలు ఒక కాగితంపై గీసుకొంటే సగం పని పూర్తయినట్లే.

వాలును కంటితో అంచనా వేయడం పొరపాటు. గోడ దగ్గర ఒక మేకు, పది అడుగుల దూరాన మరొక మేకు పాతి, నడుమ దారం కట్టి, రసమట్టంతో దారాన్ని సమంగా నిలపాలి. దారానికి, నేలకు మధ్య ఎత్తును రెండు చోట్ల కొలిస్తే నేల ఎటు వాలి ఉన్నదో తేలిపోతుంది. రసమట్టం లేకపోతే నీరు నింపిన సన్నని పారదర్శక గొట్టం చాలు. గొట్టపు రెండు కొనలలో నీరు ఎప్పుడూ ఒకే ఎత్తున నిలుస్తుంది. మేస్త్రీలు నిత్యం వాడే ఉపాయమే ఇది.

నీటి పరిమాణం కూడ తెలుసుకోవాలి. వంద చదరపు మీటర్ల మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే వంద లీటర్ల నీరు చేరుతుంది. ఒక రాత్రి 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు! ఇది ఒక ట్యాంకరు నీటితో సమానం. ఆ నీరంతా ఒకే గొట్టం గుండా ఒకే మూలలో పునాది పక్కన పడుతున్నదంటే జరిగే హానిని ఊహించుకోవచ్చు.

సవరణలు

సవరణ ఎప్పుడూ పైనుండి కిందికి సాగాలి. ముందుగా మిద్దె. వానకాలానికి ముందే ఎండుటాకులు, చెత్త ఊడ్చి గొట్టాల నోళ్లను శుభ్రం చేయాలి. మిద్దె గొట్టాన్ని నేల వరకు దింపి, అడుగున వంపు అమర్చి, నీటిని గోడకు కనీసం ఐదారు అడుగుల దూరానికి తీసుకొనిపోవాలి. చాల ఇళ్లలో ఈ ఒక్క సవరణతోనే గోడ చెమ్మ తగ్గుముఖం పడుతుంది.

తరువాత గోడ చుట్టూ ఉన్న నేల. మట్టినేల అయితే గోడనుండి మొదటి పది అడుగులలో ఆరంగుళాలు దిగేటట్లు వాలు ఉండాలి. బండలు గాని, సిమెంటు గాని పరచిన నేలకు రెండు, మూడు అంగుళాల వాలు సరిపోతుంది. రేగడి ఉన్నచోట గోడ వెంట రెండు మూడు అడుగుల వెడల్పున పైమట్టిని తీసివేసి, మొరం పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన షాబాదు బండలు పరచి సందులు పూడ్చాలి. బండకు గోడకు నడుమ సందు విడువరాదు. వాలు కోసం మట్టి పోసేటప్పుడు ఇంటి లోపలి నేలమట్టం కంటె బయటి నేల బాగా దిగువనే ఉండేట్లు చూడాలి. గోడకు ఆనించి మట్టిని ఎత్తుగా పోస్తే చెమ్మకు మనమే మెట్లు కట్టినట్లవుతుంది.

మూడవది కాలువ. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటే నీరు నిలువక పారుతుంది. వాలు ఎక్కువైతే మట్టి కోసుకుపోతుంది. తక్కువైతే ఒండ్రు పేరుకొంటుంది. పై ప్రక్కనుండి ఊటనీరు వచ్చే స్థలాలలో ఇంటికి ఎగువగా కందకం తవ్వి, అడుగున చిల్లుల గొట్టం పరచి, చుట్టూ కంకర నింపితే ఆ నీరు పునాదిని చేరకముందే గొట్టంలోకి దిగి పక్కకు పోతుంది. ప్రహరీగోడకు పల్లపు వైపున జాలీ బిగించిన తూము వదలడం మరువరాదు.

ఇటీవల పల్లెలలోను, పట్టణాలలోను మరొక చిక్కు తరచుగా ఎదురవుతున్నది. పాత రోడ్డుపై కొత్త రోడ్డు, దానిపై మరొకటి వేయడంవల్ల వీధి ఎత్తై, ఇల్లు గుంటలో పడుతున్నది. అటువంటి చోట గడప ముందు చిన్న దిబ్బ కట్టుకొంటే వీధినీరు ఆగుతుంది గాని వాకిటినీరు బయటికి పోదు. అప్పుడు వాకిటి నీటిని వెనుకవైపు పల్లానికి మళ్లించాలి. ఏ వైపునా పల్లం లేకపోతే ఒక మూల తొట్టి కట్టి మోటారుతో తోడిపోయాలి. రోడ్డు వేయకముందే పాతపొరను తవ్వి తీసి వేయుమని వీధివారంతా కలిసి అడగడం అన్నింటికంటె మేలైన మార్గం.

ఇంకుడుగుంత ఎక్కడ?

నాలుగవ నియమం గమ్యం. కరువుసీమలో నీటికి మురుగుకాలువ ఒక్కటే గమ్యం కారాదు. 2000 సంవత్సరంలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన 'నీరు-మీరు' కార్యక్రమం, 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వాననీటిని నేలలో ఇంకించవలసిన ఆవశ్యకతను ఇంటింటికీ తెలియజేశాయి. ఇంకుడుగుంత అనే మాట అందరి నోటా నిలిచింది. కాని గుంతను ఎక్కడ తవ్వాలన్న వివేకం అంతే అవసరం. గోడ పక్కనే తవ్విన గుంత పునాదికి నీరు పెట్టే పాదు అవుతుంది. ముఖ్యంగా రేగడి నేలలో గుంత ఇంటికి వీలైనంత దూరంగా, పల్లపు దిక్కున ఉండాలి.

ముందుగా ఆ చోట ఒక అడుగు లోతు గుంట తీసి నీరు నింపి చూడాలి. నీరు త్వరగా ఇంకితే ఆ చోటు అనువైనది. మరునాటికి కూడ నిలిచి ఉంటే పైన ఉన్న రేగడిపొరను దాటి కింది మొరం తగిలేవరకు తవ్వాలి. గుంతలో అడుగున పెద్దరాళ్లు, వాటిపై కంకర, ఆపైన ఇసుక నింపుతారు. రాళ్లు నింపిన గుంతలో ఖాళీస్థలం సగానికంటె తక్కువే మిగులుతుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతుగల గుంత పరిమాణం 6,000 లీటర్లే అయినా రాళ్లు నింపిన తరువాత దానిలో పట్టే నీరు 2,400 లీటర్లకు మించదు. కనుక పొర్లిపోయే నీటికి మరొక దారి విడిచిపెట్టాలి. స్నానపునీటిని, మరుగుదొడ్డి నీటిని ఈ గుంతలో కలుపరాదు. కప్పునీటిని పెరటిలోని నిమ్మ, అరటి, కొబ్బరి పాదులకు మళ్లించడం కూడ మంచి పద్ధతియే. ఆ పాదులు గోడకు దూరంగా ఉండాలి.

నిలిచిన నీటికి మరొక పేరు దోమ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిములను కనుగొన్నాడు. గుడ్డునుండి దోమ పుట్టడానికి వానకాలంలో వారం, పది దినాలు చాలు. కనుక కాలువలోనైనా, మూతలేని తొట్టిలోనైనా నీరు వారానికి మించి నిలువకుండ చూసుకోవడం ఇంటిల్లిపాదికీ ఆరోగ్యరక్ష.

పొరుగు ధర్మం

మన వాకిటి నీటిని పొరుగువాని గోడవైపు తోసివేయడం సవరణ కాదు; తగవుకు విత్తనం. ఒక ఇంటి నీరు ఆ ఇంటితో ముగియదు. ఇంటి కాలువ వీధికాలువలో, వీధికాలువ ఊరి వాగులో కలిస్తేనే దారి పూర్తవుతుంది. మనం ఎంత చక్కని వాలు తీర్చినా వీధికాలువలో చెత్త పోస్తే ఆ నీరు తిరిగి మన గడపకే వస్తుంది. పంచాయతీ అయినా, పురపాలక సంఘమైనా కాలువలను శుభ్రం చేయవలసిందే. కాలువపై అరుగులు, మెట్లు కట్టకుండ ఉండవలసిన బాధ్యత మాత్రం మనదే.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది ఒడ్డున గోడలు కట్టమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. పైన నీటిని నిలిపే జలాశయాలను, నగరంలోని మురుగునీటిని వెలుపలికి తీసుకొనిపోయే భూగర్భ కాలువలను కూడ సూచించాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనకు ఫలాలే. ఎక్కడ నిలపాలి, ఎటు పంపాలి అన్న రెండు ప్రశ్నలే మహానగరానికైనా, మూడు గదుల ఇంటికైనా మూలం.

ఆలంపూర్ శిల్పులు పదమూడు వందల ఏళ్ల క్రితం వాలుగా పరచిన రాతికప్పుపై నేటికీ వాన కురుస్తూనే ఉంది. నేటికీ ఆ నీరు తన దారిన తాను జారిపోతూనే ఉంది. మన ఇంటికి అంతటి శిల్పం అక్కరలేదు. ఒక పార, కొంత మొరం, నాలుగు గజాల గొట్టం, తొలకరికి ముందు రెండు దినాల శ్రమ చాలు. ఆ శ్రమ చేసిన ఇంట వానరాత్రి మెలకువ వచ్చినవాడు గోడవైపు దిగులుగా చూడడు. చూరునుండి జారే చినుకుల సవ్వడి వింటూ తిరిగి నిద్రపోతాడు.

ప్రశ్నలు

1. ఆలంపూర్ రక్షణకట్టను ఆధారంగా చేసుకొని రచయిత ప్రహరీగోడను గురించి చెప్పిన విషయాన్ని వివరించండి.
2. ఆలయ నిర్మాణంలో కనిపించే నాలుగు నియమాలు ఏవి? అవి మట్టిమిద్దెలలో ఎట్లా అమలయ్యాయి?
3. నల్లరేగడి నేలలో ఇంటిగోడలు ఎందుకు బీటలు వారుతాయి?
4. ఇంకుడుగుంత తవ్వేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వ్రాయండి.
5. ఒక వాననాడు మీ ఇంటి చుట్టూ తిరిగి, నీరు పారే తీరును పటంగా గీసి, మీరు గమనించిన లోపాలను పేర్కొనండి.